పాత పటాల సంఘం: కార్యదర్శి వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది గొప్పగా చెప్పుకోవాల్సింది శ్రావణమాసంలో పెట్టిన లక్ష్మీదేవి పటాల ప్రదర్శన. అన్నీ మన సభ్యుల ఇళ్లలో గోడల మీంచి దించి తెచ్చినవే. చాలావాటిలో అదే తామర, దండ పట్టుకున్న అదే ఏనుగు. అయినా ఏ రెండూ ఒకేలా లేవని వచ్చినవాళ్లే అన్నారు. చిత్రకారుడు రాజా రవివర్మ బొమ్మ అచ్చు ఒకదానికి చీర అంచు పొడవునా జరీ, చమ్కీలు కుట్టి ఉన్నాయి. ఏ తరం ఆడవాళ్లు కుట్టారో గానీ, హారంలో ఒక్క పూస కూడా ఊడలేదు. జనం దాని దగ్గరే ఆగిపోయారు. పటాలిచ్చిన కుటుంబాలకు, అద్దె తీసుకోని కల్యాణమండపం వారికి, తుప్పు పట్టిన కొక్కేలన్నీ మార్చిచ్చిన ఫ్రేముల షాపు యజమానికి, టీ ఖర్చు భరించిన కోశాధికారి గారికి కృతజ్ఞతలు.

వస్తామని వాట్సాప్‌లో బొటనవేలు చూపినవాళ్లు చాలామందే. పటాలు తిరిగి ఇళ్లకు చేర్చే రాత్రి నిచ్చెన పట్టుకోవడానికి మాత్రం మనిషి దొరకలేదు. పేర్లు రాయడం లేదు, వాళ్లకే తెలుసు.

నెలవారీ సమావేశాల్లో ‘పాతదా, కొత్త కాపీనా’ అన్న చర్చకే ఎక్కువమంది వచ్చారు. రవివర్మ ప్రెస్సు 1894లో బొంబాయిలో మొదలై, తర్వాత లోనావలా దగ్గరి మళవ్లికి మారింది. ఆయన 1906లో పోయాక కూడా అక్కడ అచ్చు ఆగలేదు. కాబట్టి కింద ఆయన పేరు ఉన్నంత మాత్రాన ఆయన కాలం నాటిదని ఎక్కువ ధర పెట్టకండి. భూతద్దంతో చూడండి. రాతి పలక మీంచి తీసిన పాత అచ్చులో రంగు చుక్కలు చెల్లాచెదురుగా ఉంటాయి, తర్వాత వచ్చిన ఆఫ్‌సెట్ అచ్చులో వరస తప్పవు. ఇంకోమాట: ఫ్రేములో పట్టలేదని అడుగు అంచు కత్తిరించనివ్వకండి. ప్రెస్సు పేరు, ఊరు ఉండేది అక్కడే. తడిగుడ్డతో తుడవడం ఇకనైనా మానాలి, ఎన్నిసార్లు చెప్పినా వినేవాళ్లు లేరు.

గ్రంథాలయంలో ఒక గోడ ఇమ్మని పెట్టుకున్న అర్జీ ఇంకా ‘పై ఆఫీసులోనే’ ఉందట. అడగడానికి వెళ్తే సారు మీటింగులో ఉంటారు.

లెక్కలు ఆడిట్ అయ్యాయి, చివరి పేజీలో ఉన్నాయి. కొద్దిగా మిగులే. చందా బాకీలు వసూలైతే ఇంకాస్త ఉండేది.

వచ్చే ఏడాదికి కృష్ణుడి పటాలు అనుకున్నాం. యశోద, రాధ ఉన్నవి కూడా తీసుకుంటాం. ఇవ్వదలచినవాళ్లు ఉగాదిలోగా ఫొటో తీసి పంపండి, పటం వెనక చెక్కది కూడా.

ఇట్లు
కార్యదర్శి