డిస్కులు పంపను, కాపీలు పంపుతున్నాను

విశాఖపట్నం,
ఆదివారం రాత్రి

ఒరేయ్ చిన్నా,

ముంబైలో నీ మెడికల్ అయిపోయిందని, ఇంకో ఇరవై రోజుల్లో సింగపూర్‌లో షిప్ ఎక్కుతున్నావని పిన్ని చెప్పింది. నువ్వు ఫోన్‌లో అప్పగించిన పని గురించే ఈ ఉత్తరం. "నాన్న సినిమా డిస్కులన్నీ డబ్బాలో సర్ది కొరియర్ చెయ్యరా, ఈసారి పట్టుకెళ్తాను" అన్నావు. అప్పుడు సరేనన్నాను. మర్నాడు మల్కాపురంలో మీ ఇంటికి వెళ్లి, బీరువా మీద నుంచి ఆ రెండు రేకు డబ్బాలూ దించి, ఒక్కో డిస్కూ తీసి చూశాక మనసు మార్చుకున్నాను. డిస్కులు పంపను. కాపీలు పంపుతాను. కోపం తెచ్చుకోకుండా మొత్తం చదువు.

పోయిన కాంట్రాక్టుకి నువ్వు ఆరు డిస్కులు తీసుకెళ్లావు. తిరిగి వచ్చినవి నాలుగు. ఒకటి మెస్‌రూమ్, అదే షిప్‌లో మీ భోజనాల గది, ప్లేయర్‌లోనే ఉండిపోయింది, ఇంకొకటి సంచిలో విరిగిపోయింది. వచ్చిన నాలుగింటిలో రెండు ఆడటం లేదు. నీ తప్పు అనడం లేదు. ఇంజన్ అదురుకి ప్లేయర్ ఆగి ఆగి నడుస్తుందని, చేతికి ఎప్పుడూ నూనె ఉంటుందని నువ్వే చెప్పావు కదా. ఆ డిస్కులు అలాంటి చోట బతకవు, అంతే. పోతే మళ్లీ కొందామా అంటే ఎక్కడ కొంటాం? 2007లో మోజర్ బేర్ వాళ్లు వీసీడీ 28 రూపాయలకీ, డీవీడీ 34 రూపాయలకీ అమ్మడం మొదలుపెట్టిన రోజులు గుర్తున్నాయా? బాబాయ్ జీతం రోజున సైకిల్ మీద పూర్ణా మార్కెట్ దాకా వెళ్లి రెండేసి, మూడేసి తెచ్చుకునేవారు. ఆ కంపెనీ 2018లో లిక్విడేషన్‌కి, అంటే ఆస్తులు అమ్మి మూసేసే దశకి, వెళ్లిపోయింది. మనం కొన్న షాపులో ఇప్పుడు మొబైల్ కవర్లు అమ్ముతున్నారు.

లెక్క పెట్టాను. మొత్తం 58 డిస్కులు, 33 సినిమాలు. అందులో 19 సినిమాలు వీసీడీలే, కొన్ని రెండేసి డిస్కులు, కొన్ని మూడేసి. మిగతా 14 డీవీడీలు. సగానికి పైగా ఎస్వీ రంగారావు ఉన్న సినిమాలే అని నీకు వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అసలు సంగతి. బాబాయ్ వీసీడీల మీద రాసుకున్నారురా. అట్ట మీద కాదు, డిస్కు మీదే, బొమ్మ ఉన్న వైపు, అంచు వెంబడి బాల్ పెన్‌తో. ఆ సినిమా తను మొదటిసారి ఏ థియేటర్లో చూశారో, ఏ షోకి వెళ్లారో, పక్కన ఎవరున్నారో. "లీలామహల్, మ్యాట్నీ, అన్నయ్యతో." "జగదాంబ, సెకండ్ షో, నిలబడి చూశాం." ఇన్నేళ్లు మనం ఆ డిస్కులు ప్లేయర్‌లో పెట్టి తీసేవాళ్లం గానీ ఒక్కసారీ చదవలేదు. నేను మీ ఇంటి వరండాలో కూర్చుని 44 వీసీడీలూ తిప్పి తిప్పి చదివాను. పిన్ని టీ పెట్టి తెచ్చి, అది చల్లారిపోయాక మళ్లీ వేడి చేసి తెచ్చింది.

కానీ ఆ రాతే వాటికి దెబ్బ అయింది. వీసీడీ అంటే సినిమా ఎక్కించిన సీడీయే. సీడీలో సినిమా ఉండేది మెరిసే అడుగు వైపు అనుకుంటాం. నిజానికి డేటా పొర ఉండేది పైన, బొమ్మ ముద్రించిన పొరకి కాస్త కింద. అడుగున ఒక మిల్లీమీటరు పైగా మందమున్న ప్లాస్టిక్ దాన్ని కాపాడుతుంది, అక్కడ చిన్న గీత పడినా చాలాసార్లు లేజర్ దాటేస్తుంది. పైవైపు గట్టిగా పెన్ను నొక్కితే నేరుగా డేటాకే తగులుతుంది. డీవీడీ అలా కాదు, రెండు పలుచటి బిళ్లలు అతికించి చేస్తారు కాబట్టి డేటా మధ్యలో ఉంటుంది. బాబాయ్ డీవీడీలు బాగానే ఉన్నాయి, వీసీడీలే ఇబ్బంది పెట్టాయి. డిస్కు చదవడం లోపలి నుంచి బయటికి సాగుతుంది. ఆయన రాసింది అంచున. అంటే మొదటి డిస్కు అయితే ఇంటర్వెల్ దగ్గర, చివరి డిస్కు అయితే క్లైమాక్స్ దగ్గర, సరిగ్గా ఆయన అక్షరాలున్న చోట బొమ్మ గళ్లుగళ్లుగా విరిగిపోతోంది. దానికి తోడు వీసీడీలో ఎక్కువ నిమిషాలు పట్టడం కోసం తప్పులు సరిచేసే ఏర్పాటు కొంత తగ్గించారు. మామూలు డేటా సీడీ తట్టుకునే గీతని కూడా ఇది తట్టుకోలేదు.

నాకు అక్కడ గొంతు పట్టేసింది. అప్పుడే నిర్ణయించుకున్నాను, ఈ డిస్కులు ఇల్లు దాటకూడదు అని.

నా ల్యాప్‌టాప్‌లో డ్రైవే లేదు, కొత్తవాటిలో దాదాపు ఎవరూ పెట్టడం లేదు. యూఎస్‌బీకి తగిలించే డీవీడీ రైటర్ ఒకటి కొన్నాను. ముందు మెత్తని కాటన్ గుడ్డ కాస్త తడిపి, మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడిచాను. గుండ్రంగా తుడవకూడదు, ఎందుకంటే తుడిచేటప్పుడు పడే గీత ట్రాకు వెంబడే పడితే ఒకే చోట చాలా డేటా పోతుంది. వీసీడీలకి కాపీ తీయనివ్వకుండా వేసే తాళం ఉండదు. లోపల ఎంపెగ్ఏవీ అనే ఫోల్డర్లో పేరు చివర డీఏటీ అని ఉన్న ఫైలు ఉంటుంది, దాన్ని కాపీ చేసుకుంటే చాలు, వీఎల్‌సీ అనే ప్లేయర్ సాఫ్ట్‌వేర్‌లో ఆడుతుంది. 35 డిస్కులు అలా హాయిగా వచ్చేశాయి. తొమ్మిది మొరాయించాయి. వాటిని మా ఆఫీసులో మూలన పడున్న పాత కంప్యూటర్ డ్రైవ్‌లో పెట్టి చూస్తే ఆరు వచ్చాయి. ఒక డ్రైవ్ చదవలేనిది ఇంకొకటి చదువుతుంది, ఇది గుర్తుపెట్టుకో, ఏదైనా డిస్కు పోయిందని పారేసే ముందు కనీసం ఇంకో రెండు డ్రైవ్‌లలో పెట్టి చూడాలి. మిగిలిన మూడింటిని స్పీడు తగ్గించి రాత్రంతా చదివించాను. రెండు పూర్తిగా వచ్చాయి. ఒకదానిలో మాత్రం చివర నలభై సెకన్లు పోయాయి. ఎంత ప్రయత్నించినా రాలేదు. క్షమించు.

ఈ వీసీడీ ఫైళ్లని మళ్లీ కుదించలేదు. అసలే చిన్న బొమ్మ, 288 గీతలే. దాన్ని ఇంకోసారి పిండితే ముఖాలు పిండిముద్దల్లా అవుతాయి. ఉన్నది ఉన్నట్టే ఉంచి, పేరు చివర మాత్రం ఎంపీజీ అని మార్చాను.

డీవీడీల పని వేరు. మేక్ఎంకేవీ అనే సాఫ్ట్‌వేర్‌తో మొదట సినిమా మొత్తం ఉన్న నాణ్యతలోనే హార్డ్‌డిస్కులోకి తీశాను, ఒక్కోదానికి అరగంట పైనే పట్టింది. అవి ఐదారు జీబీలు ఉంటాయి, ఇంట్లో దాచడానికి. నీకోసం వాటినే హ్యాండ్‌బ్రేక్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో చిన్నవి చేశాను. అందులో నాణ్యతని నిర్ణయించే ఆర్ఎఫ్ అనే అంకె 20 దగ్గర పెట్టాను. అది తగ్గించేకొద్దీ బొమ్మ బాగుంటుంది, సైజు పెరుగుతుంది. మన డీవీడీలకి 18 నుంచి 22 మధ్య చాలు. సినిమా ఒకటిన్నర జీబీకి వచ్చింది, మామూలుగా చూస్తే తేడా తెలియడం లేదు. మొదటి సినిమా చేశాక చూస్తే, ఎవరైనా చెయ్యి ఊపినప్పుడల్లా దువ్వెన పళ్లలా గీతలు కనిపించాయి. ఆ గీతలు తీసేసే డీఇంటర్‌లేస్ అనే సెట్టింగ్ పెట్టి మళ్లీ చేస్తే పోయాయి.

సబ్‌టైటిల్స్ గురించి చాలా ఆలోచించాను. నీతో ఉండే ఫిలిప్పీన్స్ కుర్రాళ్లు పాత సినిమాలు ఇష్టంగా చూశారని, ఇంగ్లీషు అక్షరాలు లేకపోతే కథ నువ్వే చెప్పాల్సి వచ్చిందని అన్నావు కదా. డీవీడీలో సబ్‌టైటిల్స్ అక్షరాలుగా కాక బొమ్మలుగా ఉంటాయి. ఎంపీ4 రకం ఫైల్లో వాటిని విడిగా పెట్టినా చాలా ప్లేయర్లు చూపించవు, అప్పుడు బొమ్మ మీదే శాశ్వతంగా అచ్చెయ్యాలి. ఎంకేవీ అనే ఇంకో రకం ఫైల్లో అయితే విడిగా ఉంటాయి, కావాలంటే పెట్టుకోవచ్చు, వద్దంటే తీసెయ్యొచ్చు. అందుకని డీవీడీ సినిమాలన్నీ ఎంకేవీలోనే చేశాను. మెస్‌రూమ్ టీవీ ఎంకేవీ తీసుకోకపోతే నీ ల్యాప్‌టాప్‌కి హెచ్‌డీఎంఐ కేబుల్ తగిలించుకో. కేబుల్ కూడా ప్యాకెట్లో పెడుతున్నాను.

సింగపూర్‌లో నువ్వు కొన్న ఆ ఇంగ్లీషు సినిమా డీవీడీ మాత్రం వదిలేశాను. డీవీడీలకి ప్రాంతాల వారీగా రీజియన్ అనే నంబరు ఉంటుంది. అది రీజియన్ 3, మన దేశానిది 5. డ్రైవ్ రీజియన్ మార్చమని అడిగింది. ఐదుసార్లకి మించి మార్చనివ్వదు, ఆ తర్వాత ఎక్కడుంటే అక్కడే బిగుసుకుపోతుంది. ఒక్క సినిమా కోసం ఒకసారి ఖర్చు చెయ్యాలనిపించలేదు.

ఇదంతా తప్పు కాదా అని అడుగుతావు, నీ సంగతి నాకు తెలుసు. చదివాను. మన 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ సొంత వాడకానికి న్యాయంగా వాడుకోవడాన్ని ఉల్లంఘన కాదంటుంది. 2012లో చేర్చిన 65ఎ సెక్షన్ తాళాల గురించి. హక్కులకి గండి కొట్టే ఉద్దేశంతో తాళం తీస్తే రెండేళ్ల దాకా జైలు. మనం బాబాయ్ డబ్బు పెట్టి కొన్న డిస్కులకి, డిస్కులు ఇంట్లోనే ఉంచుకుని, ఇంట్లోవాళ్లం చూసుకోవడానికి కాపీ తీశాం. దానికి నా మనసు ఒప్పుకుంది. అమెరికాలో అలా కాదు, అక్కడ 1998 చట్టం ప్రకారం డీవీడీ తాళం తీయడమే చట్టవిరుద్ధం. కాబట్టి అక్కడున్న మనవాళ్లకి ఈ పద్ధతి చెప్పకు. నీకు ఒకటే మాట: షిప్‌లో ఎవరైనా "నాకూ ఎక్కించు" అంటే ఇవ్వొద్దు. పక్కన కూర్చోబెట్టుకుని చూపించు.

రెండు పెన్‌డ్రైవ్‌లు పంపుతున్నాను, ఒక్కొక్కటి 128 జీబీ, రెండింటిలోనూ అవే సినిమాలు. ఒకటి సూట్‌కేసులో, ఒకటి చేతి సంచిలో పెట్టుకో. పెన్‌డ్రైవ్ ఫార్మాట్ ఎక్స్‌ఫ్యాట్. ఇంకో ఫార్మాట్ అయిన ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు, తర్వాత నీకు పెద్ద ఫైలు ఏదైనా పెట్టుకోవాల్సి వస్తే ఇబ్బంది పడతావని ఇలా చేశాను. ఎక్కే ముందు ముంబైలోనే ప్రతి సినిమా మొదట, మధ్యలో, చివర ఒక్కో నిమిషం ఆడించి చూడు. నేను చూశాను, అయినా నువ్వూ చూడు. షిప్‌లో వారానికి ఇంతని ఇచ్చే డేటాతో ఏదైనా పాడైతే నేను మళ్లీ పంపలేను.

ప్రతి వీసీడీ సినిమా ఫోల్డర్లో ఒక ఫోటో కూడా కనిపిస్తుంది. బాబాయ్ రాత. డిస్కుని కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుని తీస్తేనే పెన్ను గీతలు స్పష్టంగా వచ్చాయి. సినిమా పెట్టే ముందు అది చూడు. నలభై సెకన్లు పోయిన సినిమా ఫోల్డర్లో రెండు ఫోటోలు పెట్టాను, ఆ చివరి డిస్కు మీద ఆయన మిగతావాటికన్నా ఎక్కువే రాశారు.

అసలు డిస్కులు కొత్త కవర్లలో వేసి, నిలబెట్టి సర్ది, బీరువా లోపలే పెట్టించాను, మీద కాదు. అక్కడ మధ్యాహ్నం ఎండ పడుతోంది. హార్డ్‌డిస్కు నా దగ్గర ఉంది, దాని కాపీ ఒకటి పిన్ని దగ్గర.

ఒక్కటి తేలలేదు. పచ్చ కవరున్న వీసీడీ, రెండో డిస్కు మీద రాత అరిగిపోయింది. "టూరింగ్ టాకీసు, నేల టిక్కెట్టు" వరకు చదవగలిగాను. తర్వాత ఒక ఊరి పేరు, "వ"తో మొదలై "లస"తో ముగుస్తోంది, మధ్యలో ఏమీ కనబడడం లేదు. పిన్నికి తెలియదంది, అది పెళ్లికి ముందు సంగతి అయి ఉంటుందంది. చిన్నప్పుడు బాబాయ్ నీకేమైనా చెప్పారేమో గుర్తు తెచ్చుకుని రాయి. ఆ ఫోల్డరుకి పేరు పెట్టకుండా అలాగే ఉంచాను.

నీ
అన్నయ్య లాంటి వాడు