కుండీకి చిల్లు పెట్టిన పెద్దాయనకు కృతజ్ఞతలు

మా టీచరుగారి పదవీ విరమణ సభ నిన్న సాయంత్రం జరిగింది. మేము ఇచ్చిన సక్యులెంట్ల (దళసరి ఆకుల్లో నీరు దాచుకునే మొక్కల) కుండీ ఇప్పుడు ఆవిడ కిటికీ గట్టు మీద ఉంది. నాకు ఇంకా నిద్ర తీరలేదు, గోళ్లలో జిగురు పూర్తిగా వదలలేదు. అయినా ఈ మాటలు ఇవాళే రాసేయాలని కూర్చున్నాను.

మణికట్టు నొప్పితో బాధపడుతూ, చూపు కూడా మందగించిన ఆవిడకు రోజూ నీళ్లు మోయనక్కర లేని చిన్న తోట ఇవ్వాలని పాత విద్యార్థులందరం అనుకుని, సిద్ధంగా అమర్చి అమ్ముతున్న పింగాణీ కుండీ ఒకటి తెప్పించాం. అది చేరేసరికే అందులోని ఎచెవేరియా అనే మొక్కకు కాండం అడుగున మెత్తబడి ఉంది. కింది ఆకులు నీరు పట్టి, పారదర్శకమై, ముట్టుకుంటేనే రాలిపోతున్నాయి. సభ దగ్గర పడింది. దాన్ని ఒళ్లో పెట్టుకుని నర్సరీకి పరుగెత్తాను.

అక్కడ కలిసిన పెద్దాయన నర్సరీ మనిషి కారు. మట్టి బస్తా కొనుక్కోవడానికి వచ్చినవారు. నా చేతిలోని కుండీని ఒకసారి తిరగేసి చూసి, "దీనికి చిల్లే లేదు కదమ్మా, నీళ్లు ఎటు పోతాయి?" అన్నారు. అడుగున గులకరాళ్లు ఉన్నాయి కదా అన్నాను. రాళ్లు చిల్లు పని చేయవనీ, సన్నటి మట్టి నీటిని పట్టి ఉంచుతుందే తప్ప కిందనున్న రాళ్లలోకి సులువుగా వదలదనీ, అందువల్ల ఆ తడి వేళ్లకు మరింత దగ్గరవుతుందనీ ఓపికగా చెప్పారు. తరువాత చాకు తుడుచుకుని, కుళ్లిన కాండాన్ని కిందినుంచి పైకి పలచటి బిళ్లలుగా కోస్తూ వచ్చారు. ప్రతి కోతనూ వెలుతురుకు ఎత్తి చూపి, "మధ్యలో గోధుమరంగు చుక్క కనిపిస్తున్నంత వరకూ కోయాలి" అన్నారు. చుక్క లేని తెల్లటి కోత వచ్చాకే ఆగారు.

చిల్లు పెట్టడానికి డైమండ్ బిట్టు (పింగాణీని తొలిచే డ్రిల్లు మొన) కావాలన్నారు. అది తేవడానికి నేను ఇంటికి వెళ్లి వచ్చేసరికి, తన బస్తా పక్కన పెట్టుకుని ఆయన అక్కడే కూర్చుని, కుండీకి అతికించిన రాళ్లన్నీ గీకేసి, వేళ్లు విడదీసి, గిన్నె కడిగి ఉంచారు. చిల్లు పెట్టేచోట టేపు అంటించి, పగలకుండా నీటి చుక్కలు వేస్తూ, నెమ్మదిగా తిప్పారు. కోసిన ముక్క పొర కట్టేదాకా నీడలో ఆరాలి, సభ లోపు అది నాటడానికి పనికిరాదు. అందుకని తన ఇంటికి వెళ్లి, వేళ్లున్న ఎచెవేరియా, గ్రాప్టోపెటాలం, సీడమ్ తెచ్చి ఇచ్చారు. ఆకుల మీది తెల్లటి పొడి చెరిగితే ఆ ఆకుకు మళ్లీ సరిగా రాదని, మొక్కను మట్టి దగ్గరే పట్టుకుని దింపారు. డబ్బు ఇవ్వబోతే వినిపించుకోలేదు.

నన్ను కదిలించింది మాత్రం ఆ తరువాత జరిగినది. టీచరుగారికి చూపు తక్కువని మాటల మధ్య ఎప్పుడో అన్నాను. ఆయన ఒక అట్టముక్క తీసుకుని, గుండ్రటి పెద్ద పెద్ద అక్షరాలతో, "పుల్ల గుచ్చి చూడండి. తడి అంటితే నీళ్లు పోయకండి. మొదటి వారం అసలు వద్దు" అని రాసి కుండీలో గుచ్చారు. అది చూసి నర్సరీ కుళాయి దగ్గరే ఏడ్చేశాను. పేరు అడగాలన్న ధ్యాస కూడా లేకపోయింది. అయ్యా, మీరు ఇది చదివితే, మీ అట్టముక్కను ఆవిడ కళ్లద్దాలు లేకుండానే చదివారు.

ఒక్క మాట అనకుండా ఉండలేను. ఎండ బాగా కోరే ఎచెవేరియానూ, మండుటెండలో ఆకులు కాలిపోయే హవర్తియానూ ఒకే గిన్నెలో కుక్కి, చిల్లు పెట్టకుండా, రాళ్లు జిగురుతో బిగించి, చీటీ మీద మొక్క పేరైనా రాయకుండా "సక్యులెంట్, రోజూ నీళ్లు చిలకరించండి" అని అమ్మడం ఏ న్యాయం? ఈ మొక్కలు ఆకుల్లో నీరు దాచుకుని, రాత్రిపూట ఆకుల మీది సన్నటి రంధ్రాలు తెరిచి గాలి పీల్చుకుంటూ పగలు తడిని కాపాడుకుంటాయి. వాటికి శ్రమ అక్కరలేదన్నది నిజమే, కానీ చిల్లు అక్కర. ఫిర్యాదు చేస్తే, ప్రాణమున్న మొక్కలను వాపసు తీసుకోరట. ప్రాణం పోయేలా పంపడానికి మాత్రం ఏ నిబంధనా అడ్డు రాలేదు.

మా వారూ, అక్కా ఎప్పటిలాగే తోడున్నారు. డబ్బు పోగుచేసిన మిత్రులకు ధన్యవాదాలు.

అన్నట్టు, మరచిపోయాను: సగం మట్టికి సగం ప్యూమిస్ (నీరు నిలవనివ్వని తేలికపాటి అగ్నిపర్వతపు రాయి) జల్లించి కలిపి ఇచ్చిన నర్సరీ కుర్రాడికి, కుండీ కదలకుండా కారులో ఒళ్లో పెట్టుకు కూర్చున్న సహోద్యోగికి, అడిగిన వెంటనే డ్రిల్లూ బిట్టూ ఇచ్చిన కింది ఇంటి అన్నయ్యగారికి కూడా. అన్నయ్యగారూ, బిట్టు రేపు పొద్దున్నే తెచ్చి ఇస్తాను.