ఆ 4.7 నువ్వు పెట్టింది కాదురా

ఒరేయ్,

నీ ఉత్తరం రాత్రే చదివాను. మూడు పేజీల్లో రెండున్నర పేజీలు ఆ కంప్యూటర్‌కి తిట్లే. మిగిలిన అరపేజీలో నువ్వు అడిగింది ఒక్కటే: బయాస్‌లో (విండోస్ కంటే ముందొచ్చే బోర్డు సెట్టింగుల్లో) అన్నీ మామూలుకి తెచ్చేశాను, అయినా టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ స్పీడు ఇంకా 4.7 గిగాహెర్ట్జ్ అనే కనిపిస్తోంది, ఓవర్‌క్లాక్, అంటే నేను హద్దు దాటించి పెంచిన స్పీడు, పోలేదా అని. పోయే ఉంటుందిలే, కంగారు పడకు. ఆ 4.7 ఇంటెల్ వాడు పెట్టి పంపిందే.

నీ ప్రాసెసర్ ఐ7-8700కేకి బేస్ స్పీడు 3.7 గిగాహెర్ట్జ్. టర్బో అంటే అంతకు మించి తనంతట తానే పైకి పోవడం. ఇదేం కొత్త కాదు, 2008లో మొదటి ఐ7లతోనే వచ్చింది. కాకపోతే డబ్బా మీద గొప్పగా వేసే 4.7 ఒక్క కోర్ (ప్రాసెసర్‌లో పని చేసే ఒక్కో భాగం) పనిలో ఉన్నప్పటి మాట. ఆరు కోర్లూ ఒకేసారి పనిలోకి దిగితే 4.3 దగ్గర ఆగుతుంది. ఈ సంగతి డబ్బా మీద ఎవడూ రాయడు. నువ్వేమో "డబ్బా మీద ఉన్నదే కదా పెట్టాను" అంటూ స్పీడు నిర్ణయించే మల్టిప్లయర్‌ని 47 (అంటే 4.7) చేసి అన్ని కోర్లకీ అంటగట్టావు. బోల్తా పడింది అక్కడే.

4.3కీ 4.7కీ తేడా తొమ్మిది శాతమే కదా అనిపిస్తుంది. కానీ ఆ స్పీడులో నిలబడాలంటే వోల్టేజ్ పెంచాలి, చిప్ తినే పవరేమో వోల్టేజ్ వర్గంతో (స్క్వేర్‌తో) పెరుగుతుంది. 1.2 వోల్టుల నుంచి 1.35కి పెంచావనుకో, స్పీడు కూడా కలుపుకుంటే దాదాపు 38 శాతం ఎక్కువ వేడి. తొమ్మిది శాతం స్పీడు కోసం! వంద డిగ్రీలు తగిలితే చిప్ తనే స్పీడు తగ్గించేసుకుంటుంది, వోల్టేజ్ చాలకపోతే విండోస్ కుప్పకూలి నీలం తెర. నీకు రెండూ చూసే భాగ్యం దక్కింది.

ఇక ఓవర్‌క్లాక్ నిజంగా పోయిందా లేదా అని తేల్చుకోవడానికి, ఖాళీగా ఉన్నప్పుడు కనిపించే అంకెను నమ్మకు. ఆరు కోర్లకీ చేతినిండా పని ఇచ్చి అప్పుడు చూడు. 4.3కి దిగితే అంతా మామూలే. అప్పుడూ 4.7 దగ్గరే కూర్చుంటే మాత్రం ఎవరో పైకి తోస్తున్నట్టే, అది నువ్వే కానక్కర్లేదు. కొన్ని మదర్‌బోర్డుల్లో మల్టీకోర్ ఎన్‌హాన్స్‌మెంట్ అని ఒక ఆప్షన్ ఉంటుంది, డీఫాల్ట్ పెట్టినా అది ఆన్‌లోనే ఉండిపోయి అన్ని కోర్లనీ ఒంటికోర్ టర్బో స్పీడుకి తోసేస్తుంది. నా లెక్కన అది దొంగచాటు ఓవర్‌క్లాకే. వెతికి ఆఫ్ చెయ్యి. విండోస్‌లో ఓవర్‌క్లాక్ సాఫ్ట్‌వేర్ ఏదైనా వేసి ఉంటే అదీ పీకెయ్, బయాస్‌లో నువ్వు ఎన్నిసార్లు సరిచేసినా అది ఆన్ అవ్వగానే మళ్లీ మొదటికి తెస్తుంది.

బయాస్‌లో ఒక్కో అంకెనీ వెనక్కి తిప్పుతూ కూర్చున్నావట, అదెందుకురా? లోడ్ ఆప్టిమైజ్డ్ డీఫాల్ట్స్ అని ఉంటుంది, అది కొట్టి సేవ్ చెయ్యి, చాలు. అసలు తెరే రాకపోతేనే సీమాస్ క్లియర్ (బయాస్ సెట్టింగులు దాచుకునే మెమరీని చెరపడం) దాకా వెళ్లాలి: స్విచ్చాపి, వైరు పీకి, మిగిలిన కరెంటు పోయేలా పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి, బోర్డు మీదున్న గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ తీసి కొన్ని నిమిషాలాగి మళ్లీ పెట్టడమే. ఇందుకోసం బోర్డు మీద జంపర్ (పిన్నుల్ని కలిపే చిన్న తొడుగు) ఉంటే మాన్యువల్ చూసి దాంతోనే కానిచ్చెయ్.

కానీ ఏది చేసినా ముందు బయాస్ పేజీలన్నీ ఫోన్‌తో ఫొటోలు తీసి పెట్టుకో. నేను ఒకసారి హడావిడిగా డీఫాల్ట్ కొట్టేశాను, డిస్క్ మోడ్ (బోర్డు డిస్క్‌తో మాట్లాడే పద్ధతి) రెయిడ్ నుంచి ఏహెచ్‌సీఐకి మారిపోయింది, విండోస్ లేవలేదు. డిస్క్ పోయిందనుకుని గంటసేపు తల పట్టుకుని కూర్చున్నాను, మోడ్ వెనక్కి మార్చగానే ఏమీ ఎరగనట్టు లేచింది. ర్యామ్‌కి పెట్టుకున్న ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని దాని మీద రాసిన స్పీడుకి తెచ్చే సెట్టింగు) కూడా ఎగిరిపోతుంది, 3200 అని కొన్న ర్యామ్ చాలావరకు 2133కి పడిపోతుంది, అది మళ్లీ ఆన్ చేసుకోవాలి. కాకపోతే వెంటనే వద్దు, రెండ్రోజులు డీఫాల్ట్ మీదే నడిపి నీలం తెర రాలేదని చూసుకున్నాకే. లేకపోతే తప్పు ర్యామ్‌దో ప్రాసెసర్‌దో తెలియక మళ్లీ మూడు పేజీలు రాస్తావు. బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కి వేసే తాళం) వాడుతుంటే రికవరీ కీ చేతిలో పెట్టుకునే మొదలుపెట్టు, అడిగే అవకాశం ఉంది.

ముందు ఆరు కోర్ల పరీక్ష చేసి, ఎంత చూపించిందో, వేడి ఎంతకెళ్లిందో రాయి. ఈసారి తిట్లు అరపేజీకి మించకుండా.

నీ వాడు