రాలడం వేరు, పలచబడటం వేరు

సంపాదకులకు నమస్కారం.

జుట్టు మీద ప్రశ్న వస్తే ఆరోగ్యం పేజీల్లో జవాబు దాదాపు ఒకటే: 'బయోటిన్ అనే విటమిన్ వాడండి, రక్తపరీక్షలు చేయించండి'. రాలడాన్నీ పలచబడటాన్నీ ఒకే గాటన కట్టడంతోనే వస్తోంది చిక్కంతా.

తల మీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. పదింట తొమ్మిది వంతులు పెరుగుతూ ఉంటే మిగతావి విశ్రాంతిలో ఉంటాయి. ఆ విశ్రాంతి మూడు నెలలు. అది ముగిశాకే ఊడతాయి. రోజుకు 50 నుంచి 100 రాలడం అందుకే మామూలు. తీవ్రమైన జ్వరం, కాన్పు, ఆపరేషన్, కడుపు మాడ్చుకుని బరువు తగ్గడం లాంటివాటితో ఒకేసారి బోలెడు వెంట్రుకలు విశ్రాంతిలోకి జారుకుని, రెండు మూడు నెలలకు కుచ్చులు కుచ్చులుగా ఊడతాయి. దీన్నే టెలోజెన్ ఎఫ్లూవియం అంటారు. డాక్టరుకు చెప్పాల్సింది పోయిన వారం మార్చిన షాంపూ గురించి కాదు, మూడు నెలల కిందట ఒంటికి ఏం జరిగిందో.

ఊడిన వెంట్రుక మొదట్లో చిన్న తెల్లటి ఉండ చూసి కుదురే పోయిందని హడలిపోతారు. కుదురు చర్మంలోనే భద్రంగా ఉంటుంది. ఆ ఉండ, వెంట్రుక విశ్రాంతి ముగించుకుని దిగిపోయిందనడానికి గుర్తు. ఉండ లేకుండా తెగినట్టుంటే అది ఊడింది కాదు, విరిగింది. అప్పుడు రంగుల్నీ, స్ట్రెయిటెనింగ్‌నూ అనుమానించాలి.

పలచబడటం, అంటే వంశపారంపర్యంగా, హార్మోన్ల ప్రభావంతో వచ్చే ఆండ్రోజెనెటిక్ అలోపేసియాలో కథ వేరు. దువ్వెనలో పెద్దగా ఏమీ కనబడకపోవచ్చు. ఊడిన చోటే మళ్లీ మొలుస్తుంది, కానీ ప్రతిసారీ ఇంకొంచెం సన్నంగా, పొట్టిగా. ఆడవాళ్లకు పాపిట వెడల్పవుతుంది. మగవాళ్లకు కణతల పైన, నడినెత్తిన పలచబడుతుంది. డెర్మోస్కోప్ అనే భూతద్దంతో చూస్తే లావు వెంట్రుకల పక్కనే నూలుపోగుల్లాంటివి కనిపిస్తాయి. మందంలో ఈ తేడా 20 శాతానికి మించి వెంట్రుకల్లో ఉంటే నిర్ధారణ బలపడుతుంది. రెండు సమస్యలూ ఒకే తలలో ఉండొచ్చు. జ్వరం తర్వాతి రాలుడు ఆగినా ఒత్తు తిరిగి రాలేదంటే ఈ రెండోదాన్ని వెతకాలి.

పరీక్షలంటారా, చాలామందికి సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) సరిపోతాయి. ఒంట్లో ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు ఫెరిటిన్ పెరిగి ఐరన్ లోపాన్ని కప్పేస్తుంది. జ్వరం తగ్గాక చేయించడం మేలు. ఇక బయోటిన్ ఎక్కువ మోతాదులో మింగి వెళ్తే, కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో టీఎస్‌హెచ్ తక్కువగా, థైరాయిడ్ హార్మోన్ ఎక్కువగా వచ్చి లేని జబ్బు అంటగడుతుంది. కనీసం రెండు రోజుల ముందే ఆపాలి. మోతాదు మరీ పెద్దదైతే ఎన్నాళ్లో డాక్టరును అడగాలి. అంటే మన జవాబులోని మొదటి సలహాయే రెండోదాన్ని చెడగొడుతోందన్నమాట!

మాడు మంట, నొప్పి, కుదుళ్ల చుట్టూ పొట్టు, వెంట్రుక రంధ్రాలే కనబడని నున్నటి మచ్చలు ఉంటే మాత్రం నెలల తరబడి వేచిచూడకూడదు. అవి కుదుళ్లనే చంపేసే జబ్బుల లక్షణాలు. పోయిన జుట్టు తిరిగి రాదు. మాడు చర్మం నుంచి 4 మిల్లీమీటర్ల ముక్క తీసి బయాప్సీ (సూక్ష్మదర్శిని కింద పరీక్ష) చేస్తారు. అదీ జబ్బు ఇంకా నడుస్తున్న అంచు నుంచి తీయాలి. మచ్చ నడుమ తీస్తే చచ్చిన కుదుళ్లు తప్ప మరేమీ దొరకవు.

ఇకపై జవాబు రాసేవారు ముందు మూడు ప్రశ్నలు అడగాలని మనవి: ఎప్పటి నుంచి, పాపిట వెడల్పయిందా, మాడు మండుతోందా?

– ఒక చర్మవైద్యురాలు