లెమ్ నవల వచ్చిందండి, కొనే ముందు ఒక మాట

అమలాపురం కొట్టుకి వచ్చే పాఠకులకు నమస్కారం. పోలెండ్ రచయిత స్టానిస్లావ్ లెమ్ ‘హాస్పిటల్ ఆఫ్ ది ట్రాన్స్‌ఫిగరేషన్’ ఎప్పుడొస్తుందని అడుగుతున్నారుగా, వచ్చింది. డబ్బు తీసుకునే ముందు కొన్ని సంగతులు చెప్పేస్తాను.

‘సోలారిస్’ అనే అంతరిక్ష నవల రాసినాయన కదా అని కొంటే నన్ను తిట్టుకుంటారు. ఇందులో అంతరిక్షం లేదు. 1939లో జర్మనీ పోలెండ్‌ను ఆక్రమించాక జరిగే కథ. స్టెఫాన్ అనే కుర్ర డాక్టరు బంధువు అంత్యక్రియలకి వెళ్ళి, అక్కడ కలిసిన పాత స్నేహితుడి మాట మీద పిచ్చాసుపత్రిలో ఉద్యోగానికి చేరతాడు. బయట యుద్ధం, లోపల మొదట్లో ప్రశాంతం. అలాగని ఆ డాక్టర్లేమీ దేవుళ్ళు కారు. ఒక సర్జనుకైతే రోగి కంటే రోగం మీదే మోజు. జర్మన్లు గేటు దాకా రాకముందే రోగిని మనిషిగా చూడటం ఎలా తగ్గిపోతుందో లెమ్ చూపిస్తాడు, నాకు నచ్చింది అదే. ఆ తర్వాత జరిగేది చెప్పను. మానసిక రోగుల్ని నాజీలు నిజంగానే వేలల్లో చంపారన్నది మాత్రం తెలిసే చదవండి. గుండె దిటవుగా లేని రోజున మొదలెట్టకండి.

లెమ్ మెడిసిన్ చదివినవాడే. ఆక్రమణ కాలంలో మెకానిక్‌గా, వెల్డర్‌గా బతికాడు. ఈ నవల 1948లో రాస్తే, అప్పటి పోలెండ్ కమ్యూనిస్టు ప్రభుత్వపు సెన్సారు ఒత్తిడికి మరో రెండు భాగాలు జతచేశాక గానీ 1955లో అచ్చు కాలేదు. (పుస్తకాలతో బేరాలు ఎక్కడైనా ఇంతే కాబోలు.)

ఇక వ్యాపారం. మా దగ్గరున్నది విలియం బ్రాండ్ ఇంగ్లిష్ అనువాదం. డిస్ట్రిబ్యూటరు రిటర్న్ తీసుకోనన్నాడు, అందుకే కొన్నే తెప్పించాను, డిస్కౌంట్ ఇవ్వలేను. కొట్టు అద్దె కట్టేది గైడ్లూ నోట్‌బుక్కులే, ఇలాంటి నవలలు కావు. మొదటి అధ్యాయం నెమ్మదిగా నడుస్తుంది. బల్ల మీద కూర్చుని అది చదివి చూసి, అప్పుడే కొనండి. మెడిసిన్ చదివే పిల్లలు ఇద్దరు ముగ్గురు కలిసి ఒకటి తీసుకున్నా నాకు అభ్యంతరం లేదు. ఒక కాపీ అద్దెకి ఉంచాను.

లంకలవాళ్ళకి పార్సిల్ ఇప్పుడే పంపను. గోదారి పొంగి కాజ్‌వే మునిగితే అది ఎక్కడో ఆగి తడుస్తుంది. నీళ్ళు తీసేదాకా మీ పేరు రాసి పక్కన పెడతాను, అడ్వాన్సు అక్కర్లేదు.