బుజ్జిగాడి పన్ను

పెరంబూరు, చెన్నై

చిట్టీ,

ఆశీస్సులు. బాబ్జీ బృందావన్ ఎక్స్‌ప్రెస్‌లో వస్తున్నాడు, వాడి చేత గుమ్మడి వడియాలు పంపిస్తున్నాను. పై పొట్లం అల్లుడిగారికి, కారం తక్కువ. నాన్నగారి మోకాలు పర్వాలేదు. నువ్వు ఫోన్ చేసి పదకొండు రోజులైంది.

చిన్నత్త చెప్పింది. స్కేటింగ్‌లో పడి బుజ్జిగాడి ముందు పన్ను ఊడిందట, వెతికినా దొరకలేదట. నిన్నేమీ అనడంలేదు. సెలవుల్లో స్క్రూ పన్ను, అదే దవడ ఎముకలో బిగించే ఇంప్లాంట్, వేయించేస్తారని కూడా అంది. ఫోన్లో అయితే ‘సరేలేమ్మా’ అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను.

మీ అన్నయ్య, మన పెద్దోడి పన్ను సంగతి నీకు గుర్తుండదు, అప్పుడు నీకు నాలుగేళ్ళు. 1991. వాడికి పది. బంతి తగిలి పై పన్ను వేరుతో సహా ఊడొచ్చింది. కొంగున ముడేసుకుని పరిగెత్తాను. ఫ్రిజ్‌లో రెండు ఆవిన్ పాల పాకెట్లున్నాయే! పాలల్లో వేసి తేవాలని డాక్టరు చెప్పేదాకా నాకు తెలీదు. ఆటో దొరికి, వరసలో కూర్చుని, మా వంతు వచ్చేసరికి రెండు గంటలు. వేరు మీది పలచటి పొర గంటలోపే ఎండి చచ్చిపోతుందట. అయినా ఆయన పెట్టి తీగతో కట్టారు. నిలబడిందని వీధంతా పాయసం పంచాను. ఏడాది తిరిగేసరికి పక్క పన్ను కిందికి దిగుతోంది, ఇది మాత్రం ఎముకకి అతుక్కుని అక్కడే ఆగిపోయింది. పన్నెండేళ్ళకి బియ్యపు గింజంత తేడా. అప్పుడు మొదలుపెట్టాడు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం. నీ పెళ్ళి ఫొటోల్లో చూడు, అదే చెయ్యి.

స్క్రూ పన్నూ అంతే తల్లీ. ఎముకలో బిగుసుకుంటుంది. దవడ పెరుగుతుంది, అది కదలదు. తొమ్మిదేళ్ళవాడికి ఎలా వేయిస్తావు? పద్దెనిమిది దాటాలి, ఎదుగుదల ఆగిందని చూసుకోవాలి. పెద్దోడికి ఇరవై రెండో ఏట వేయించాం.

అలాగని ఖాళీగా వదిలెయ్యకు, పక్క పళ్ళు ఒరిగిపోతాయి. తీసి పెట్టుకునే పన్ను చేయించు, వాడు ఎదిగేకొద్దీ మార్పించాలి. పక్క పళ్ళ వెనక రెక్కతో అతికించేది కూడా ఉంది, ఏది నప్పుతుందో పిల్లల పళ్ళ డాక్టరునే అడుగు. పక్క పన్నుకీ దెబ్బ తగిలుంటుంది, రంగు మారుతోందేమో పగటి వెలుగులో చూస్తూ ఉండు. హెల్మెట్ ఒక్కటే చాలదు, నోట్లో పెట్టుకునే గార్డు కొనమని పోయిన దసరాకే చెప్పాను. ఒక్క మాట వింటేనా!

వడియాలు వాడికి వేయించి పెట్టకు, పులుసులో నాని మెత్తబడ్డాక పెట్టు. రాత్రి వీడియో చెయ్యి. వాణ్ణి దీపం కింద కూర్చోబెట్టి నోరు తెరవమను, నేను చూడాలి.

అమ్మ