వార్షిక నివేదిక

అధ్యక్షుల వారికి, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

మన చరిత్ర అభిమానుల సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కాబట్టి నేరుగా విషయానికొస్తాను. నెలవారీ ప్రసంగాలు వేసవిలో తప్ప ఎప్పటిలాగే జరిగాయి. గ్రంథాలయానికి కొత్త బీరువా వచ్చింది. ఇచ్చినవారు పేరు చెప్పొద్దన్నారు, వారికి కృతజ్ఞతలు.

ఈ ఏడాది గర్వంగా చెప్పుకోవాల్సింది ప్రాచీన ఈజిప్షియన్ల దేవుళ్ల మీద, పరలోక నమ్మకాల మీద మనం పెట్టిన ప్రదర్శన. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో మమ్మీని చూసి వచ్చినప్పుడు పుట్టిన ఆలోచన ఇది. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ కొన్న ఆ మమ్మీని తర్వాత ఏడో నిజాం మ్యూజియానికి ఇచ్చారు. దేహాన్ని అంత శ్రద్ధగా ఎందుకు దాచారని అప్పుడు పిల్లలడిగితే మా దగ్గర సరైన జవాబు లేకపోయింది.

ఆ జవాబు మన రిటైర్డ్ లెక్చరర్ గారి ప్రసంగంలో దొరికింది. మమ్మీ చేసేటప్పుడు మెదడును ముక్కులోంచి లాగి పారేసేవారట. గుండెను మాత్రం ఒంట్లోనే ఉంచేవారు. ఎందుకంటే చచ్చినవాళ్ల లోకానికి రాజైన దేవుడు ఒసిరిస్ కొలువులో తూకానికి పెట్టేది దాన్నే. ఒక పళ్లెంలో గుండె, మరో పళ్లెంలో సత్యదేవత మాత్ ఈక, రెండూ సరితూగాలి. త్రాసు దగ్గర నక్క తల దేవుడు అనుబిస్, పక్కన లెక్క రాసే దేవుడు థోత్. చచ్చినవాడు 42 మంది దేవతల ముందు ‘దొంగతనం చెయ్యలేదు, అబద్ధమాడలేదు’ అని ఒక్కొక్కటీ చెప్పుకోవాలి. తన గుండే తన మీద సాక్ష్యం చెప్పకుండా గుండె మీద పేడపురుగు బొమ్మను, మంత్రం చెక్కి మరీ పెట్టేవారు!

ఈ ఘట్టాన్ని మన పిల్లలు వేదిక మీద ఆడి చూపించారు. ఈజిప్టు బొమ్మల్లో గుండెను చిన్న కుండలా గీస్తారు గనుక మేం మట్టి పిడత పెట్టాం. ఎవరో నెమలి ఈక తెస్తే లెక్చరర్ గారు ససేమిరా అన్నారు, అది నిప్పుకోడి ఈకే కావాలట. చివరికి అట్టతో చేశాం. పిడత బరువుకి ఈక పళ్లెం పైకి లేచిపోతుంటే ఈక వెనకాల తూకపురాయి దాచాల్సి వచ్చింది. థోత్ అంటే చిత్రగుప్తుడేనా అని ఒక పాప అడిగింది. రాయడం వరకే పోలిక అన్నారు లెక్చరర్ గారు. అక్కడ తూకంలో తప్పినవాడికి నరకం, మళ్లీ జన్మ లేవు. మొసలి తల, సింహం ముందుభాగం, నీటిగుర్రం వెనకభాగం ఉన్న అమ్మిత్ గుండెను మింగేస్తే వాడి కథ అంతటితో సరి.

సమాధుల్లో పెట్టే షబ్తి బొమ్మల బల్ల దగ్గర జనం ఎక్కువసేపు నిలబడ్డారు. పరలోకంలో పొలం పనికి పిలుపొస్తే ‘ఇదిగో, నేనున్నాను’ అని యజమాని బదులు లేచేవి ఇవి. 1922లో బయటపడ్డ ఈజిప్టు రాజు టుటన్‌ఖామన్ సమాధిలో 413 దొరికాయి. రోజుకొకటి చొప్పున 365 పనివాళ్లు, వాళ్ల మీద 36 మంది మేస్త్రీలు, నెలకొకరు చొప్పున 12 మంది పెద్ద మేస్త్రీలు. మనకేమో వాట్సాప్‌లో ‘నేనున్నా’ అని బొటనవేలు చూపినవాళ్లే ఎక్కువ, కుర్చీలు మోసే వేళకి వచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్క. చెప్పకూడదు గానీ, ప్రదర్శన రోజు పొద్దున టెన్షన్ పడింది నేనూ, కోశాధికారి గారూనే. హాలు అనుమతి కోసం సంబంధిత కార్యాలయం చుట్టూ తిరిగీ తిరిగీ, కాగితం చేతికందేసరికి ముందురోజు సాయంత్రమైంది. ప్రారంభానికి వస్తామన్న అధికారి రాలేదు, కబురూ లేదు.

అయినా హాలు నిండింది. పిడతలు, షబ్తి బొమ్మలు చేసిచ్చిన కుమ్మరి గారికి, త్రాసు అరువిచ్చిన కిరాణా షాపు వారికి, దుస్తులు కుట్టిన తల్లులకు, టీ ఖర్చు భరించిన ఉపాధ్యక్షుల వారికి పేరుపేరునా ధన్యవాదాలు.

జమాఖర్చులు ఆడిట్ అయ్యాయి, పట్టిక చివరి పేజీలో ఉంది. ప్రదర్శన వల్ల కొంచెం లోటు వచ్చింది, చందా బకాయిలు వసూలైతే సర్దుకుంటుంది.

వచ్చే ఏడాది ప్రసంగం మిగతా దేవుళ్లందర్నీ పక్కనపెట్టి సూర్యబింబం ఆతెన్‌నే నిలబెట్టిన ఫరో (ఈజిప్టు రాజు) అఖెనాతెన్ మీద. పని చెయ్యగలవాళ్లు మాత్రమే పేర్లివ్వండి. రసీదు పుస్తకాలు ఇంకా దగ్గర పెట్టుకున్నవారు ఈ సమావేశం ముగిసేలోపు కోశాధికారి గారికి అప్పగించాలి.

ఇట్లు,
కార్యదర్శి